ఒక నాణెం, నాలుగు వర్ణక్రమాలు

దీనారం, దేనారం, దినార్, డెనియర్. తెలుగులో వాడుకలో ఉన్న ఈ నాలుగు మాటలకూ మూలం ఒక్కటే: లాటిన్‌లోని దేనారియుస్. సుమారు క్రీ.పూ. 211లో రోమ్‌లో వెలసిన వెండి నాణెం అది. లాటిన్‌లో 'దేనీ' అంటే పదేసి. 'ఆస్' అనే కంచు కాసులు పదింటికి సాటి కాబట్టి ఆ పేరు. తర్వాత దాని విలువ 16 కాసులకు పెరిగినా పేరులో పది అలాగే ఉండిపోయింది.

గ్రీకులు దాన్ని దేనారియోన్ అన్నారు. కాలక్రమాన గ్రీకు ఉచ్చారణలో ఆ 'ఏ' 'ఈ'గా మారింది. సంస్కృతంలో 'దీనార' అని దీర్ఘం పడడానికి అదే కారణం కావచ్చు. మాటతో పాటు లోహమూ మారింది: గుప్తుల శాసనాల్లో దీనారం బంగారు నాణెం. అమరకోశం దాన్ని నిష్కానికి పర్యాయంగా చెప్పింది. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడికి దీనార టంకాలతో కనకాభిషేకం జరిగిందని చెప్పుకునేనాటికి ఆ మాట రోమ్‌ను పూర్తిగా మరచి మనదైపోయింది.

తెలుగు బైబిలులో మాత్రం అది దేనారము. ద్రాక్షతోట ఉపమానంలో కూలివాళ్లకు రోజుకు ముట్టింది అదే. గ్రీకు మూలంలోని 'ఏ' ఇందులో చెక్కుచెదరలేదు. నాలుగింటిలోనూ లాటిన్‌కు బాగా దగ్గరగా నిలిచిన రూపం ఇదే.

అరబ్బులు దీనార్ అన్నారు; తెలుగులో అది దినార్‌గా వాడుకైంది. ఖలీఫా అబ్దుల్ మలిక్ 7వ శతాబ్ది చివర ముద్రించిన బంగారు దినార్ 4.25 గ్రాములు తూగేది. కువైట్‌కు వలస వెళ్లిన కడప, గోదావరి జిల్లాల వారి ఇళ్లలో నేడు వినబడేది దినార్ అనే రూపమే. ఒక కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్సులు. ఆ ఫిల్సు కూడా 'ఫొల్లిస్' అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే.

ఐరోపాలో స్పానిష్ దినేరో, ఇటాలియన్ దెనారో ఏ ఒక్క నాణేనికో పరిమితం కాక డబ్బుకే పేర్లయ్యాయి. ఇంగ్లండులో 1971 దాకా పెన్నీని 'డి' అనే అక్షరంతో రాయడం ఈ లాటిన్ మాట వల్లనే. ఫ్రెంచిలో 'దెనియే' నాణేనికీ, పట్టుదారం తూచే చిన్న తూకానికీ పేరు. అది ఇంగ్లిషు మీదుగా తెలుగు మగ్గాల దగ్గరికి వచ్చేసరికి 'ద' పోయి 'డ' చేరి డెనియర్ అయింది. 9,000 మీటర్ల దారం ఒక గ్రాము తూగితే ఒక డెనియర్.

ఈ నాలుగు వర్ణక్రమాల్లో దేన్నీ తప్పని దిద్దకూడదు. దీర్ఘమో హ్రస్వమో, దకారమో డకారమో, ఆ మాటను తెలుగువాళ్లు ఎవరి నోట విన్నారో చెప్పే గుర్తులవి.