పోస్ట్‌కార్డు ఎవరికి రాయాలి?

మన కాలేజీలో ఉద్యోగాల గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా సుధామూర్తి గారి పోస్ట్‌కార్డు కథ వచ్చి తీరుతుంది. 1974లో ఆమె మన ఊళ్లోనే, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుంటున్నప్పుడు నోటీసు బోర్డు మీద టెల్కో కంపెనీ ఉద్యోగ ప్రకటన చూశారు. ఆడవాళ్లు దరఖాస్తు పెట్టనక్కర్లేదని కింద ఒక లైను. ఆమెకి కోపం వచ్చి నేరుగా జె.ఆర్.డి. టాటాకే కార్డు రాశారు. పుణెకి పిలిచారు, ఇంటర్వ్యూ చేశారు, ఉద్యోగం ఇచ్చారు. మంచి కథ, నాకూ ఇష్టమే. కానీ ఈ ఏడాది ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చిన ఫైనల్ ఇయర్ అక్కలతో మాట్లాడాక నాకొక సందేహం పట్టుకుంది. పన్నెండు మంది పనిచేసే ఆఫీసులో అన్యాయం జరిగితే కార్డు ఎవరికి రాయాలి? అక్కడ ఇంటర్వ్యూ చేసేదే ఓనరు కదా.

బి.ఏ. చదివే మనలో చాలామందికి మొదటి పిలుపు పెద్ద పేరున్న కంపెనీ నుంచి రాదు. జయనగర్‌లోనో, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లోనో ఒక ఇంటి మేడ మీద నడిచే చిన్న కన్సల్టింగ్ సంస్థ నుంచి వస్తుంది. (ఈ మాట ఇంట్లో అంటే మా అమ్మమ్మ వెంటనే "ఎంత కట్టమన్నారే?" అంది. ఆవిడ లెక్కలో కన్సల్టెన్సీ అంటే డబ్బు కట్టించుకుని ఉద్యోగం చూపిస్తామనే వాళ్లు.) నేను చెప్తున్నవి అవి కావు. వేరే వ్యాపారాలకు సలహా ఇచ్చి ఫీజు తీసుకునేవి. సర్వే చేయాలి, నలుగురితో మాట్లాడాలి, రిపోర్టు రాయాలి. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ వచ్చిన పిల్లలు వాళ్లకు బాగా పనికొస్తారు. పని చెడ్డది కాదు, నిజం చెప్పాలంటే నాకే చేయాలని ఉంది.

మన అక్కలు ముగ్గురు ఒకే సంస్థకు వెళ్లారు. పేరు ఇక్కడ రాయడం లేదు. మొదటి రౌండు ఫోన్లో, రెండోది ఆఫీసులో. మూడోది "అసైన్‌మెంట్". ఒక రెడీమేడ్ బట్టల వ్యాపారి హోసూరులో కొత్త షాపు పెడితే నడుస్తుందా లేదా, రెండు రోజుల్లో పది పేజీలు రాసి పంపాలి. ఆ అక్క ఇంట్లో కూర్చుని రాసెయ్యకుండా నిజంగానే బస్సెక్కి హోసూరు వెళ్లింది. అత్తిబెలె దాటితే తమిళనాడు, మన శక్తి ఉచిత ప్రయాణం అక్కడ చెల్లదు, టికెట్ సొంత డబ్బుతోనే. హోసూరులో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి షాపుల వాళ్లు బాగా మాట్లాడారట. అద్దెలెంత, అడ్వాన్సు ఎంత, దీపావళికి ఎంత అమ్ముడవుతుంది, ఏ వీధిలో సాయంత్రం జనం ఉంటారు, అన్నీ కనుక్కుని వచ్చి రాత్రి రెండింటి దాకా కూర్చుని రాసింది. అందింది, థ్యాంక్స్ అని ఒక మెయిలు వచ్చింది. ఆ తర్వాత ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు.

రెండో అక్కకీ అదే బట్టల వ్యాపారి, ఊరు మాత్రం కోలారు. మూడో అక్కకి చిత్తూరు. ముగ్గురూ క్యాంటీన్‌లో కూర్చుని చెప్పుకునేదాకా ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. పరీక్ష పెట్టడమే ఉద్దేశమైతే ముగ్గురికీ ఒకే ఊరు ఇచ్చి ఎవరిది బాగుందో పోల్చి చూస్తారు. మూడు ఊళ్లు ఇచ్చారంటే వాళ్లకు కావలసింది మూడు ఊళ్ల సమాచారమే అని నా అభిప్రాయం. ముగ్గురిలో ఒక్కరికి కూడా ఉద్యోగం రాలేదు.

జీతం ఎంతో ముందుగా ఎవరికీ చెప్పలేదు. ధైర్యం చేసి అడిగిన అక్కకి 18,000 అని చెప్పి, ఇంకొంచెం పెంచుతారా అంటే "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నారట. మా అమ్మ కన్నడ ఆవిడ, ఈ మాట మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినబడుతుంది. బస్సులో సీటు దగ్గర వింటే ముద్దుగా కూడా ఉంటుంది. జీతం దగ్గర మాత్రం అడ్జస్ట్ అవ్వాల్సింది ఎప్పుడూ ఒకవైపు వాళ్లే.

ఇంక ఆ ప్రశ్న. ముగ్గురిలో ఇద్దరిని "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగారు. ఒక అక్క వాళ్ల కజిన్ అబ్బాయి కూడా అక్కడికే వెళ్లాడు, అతన్ని బైక్ ఉందా అని మాత్రం అడిగారు.

ఓనరు వైపు నుంచి కూడా చూద్దాం. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ఆఫీసులకు ఇది వర్తిస్తుంది. ఆ 26 వారాల జీతం యజమానే ఇవ్వాలి. పన్నెండు మంది ఉన్నచోట అది బరువే, కాదనను. ప్రభుత్వం అందులో కొంత పంచుకుని ఉండాల్సింది. అయితే నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది. ఈఎస్ఐ పరిధిలో ఉన్న ఆఫీసైతే ప్రసూతి డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషన్, ఓనరు కాదు. ఆయన నెలనెలా జీతం మీద 3.25 శాతం కడతాడు, మన జీతంలోంచి 0.75 శాతం పోతుంది, అంతే. అక్కకి చెప్పిన జీతం 18,000. ఆయన ఏ ఖర్చుకు భయపడి పెళ్లి సంగతి అడుగుతున్నాడో ఆ ఖర్చు ఆయన మీద పడనే పడదు!

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉండేది. పెళ్లి గురించి అడగకూడదని మాత్రం అందులో ఉండేది కాదు. అడిగేసి, తర్వాత ఇంకేదో కారణం చెప్తే ఎలా పట్టుకుంటాం? పెద్ద సంస్థలేమీ తక్కువ తినలేదు. ఎల్ఐసీలో ఒకప్పుడు చేరబోయే ఆడవాళ్లు నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని ఫారంలో నింపాల్సి వచ్చేది. నీరా మాథుర్ అనే ఉద్యోగిని కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ కాలమ్స్ తీసేయమంది. తీసేయమనడానికి అక్కడ అచ్చేసిన ఫారం ఉంది. టెల్కో లైను కూడా అందరికీ కనబడేలా బోర్డు మీద ఉంది. మన అక్కలను అడిగింది మాత్రం టీ ఇచ్చి, నవ్వుతూ, నోటిమాటగా. రేపు అడగలేదంటే అడగనట్టే.

అందుకే మనం రాసి పెట్టుకోవాలి అంటున్నాను. మన డిపార్ట్‌మెంట్‌లో ఒక నోట్‌బుక్ ఉండాలి. రాసేవాళ్ల పేరు అక్కర్లేదు. సంస్థ పేరు, తేదీ, ఎన్ని రౌండ్లు, ఏమేం అడిగారు, జీతం ముందే చెప్పారా, అసైన్‌మెంట్‌కి ఎన్ని గంటలు పట్టింది, చివరికి అవునో కాదో చెప్పారా, ఇవి రాస్తే చాలు. మంచివి కూడా రాయాలి. హోసూరు వెళ్లిన అక్కే ఇంకో చిన్న ఆఫీసుకి వెళ్తే, ఒక పూట పని చేయించుకుని 500 ఇచ్చారట, తీసుకోలేకపోతున్నామని ఫోన్ చేసి ఎక్కడ బాగోలేదో వివరంగా చెప్పారట. అలాంటి చోటికి మన చెల్లెళ్లు కూడా వెళ్లాలి కదా.

ఈ మాట చెప్తే ఒక మేడం, కోపంలో ఎవరైనా అబద్ధం రాస్తేనో, సంస్థలు మన కాలేజీకి రావడం మానేస్తేనో అన్నారు. మొదటిది న్యాయమైన భయం. కాబట్టి తిట్లు, విశేషణాలు వద్దు. "మోసగాళ్లు" అని రాయొద్దు, "రెండు రోజుల పని, జవాబు లేదు" అని రాయండి. రెండోదానికి నా జవాబు వేరే. జీతం ఎంతో కాగితం మీద పెట్టమన్నందుకు, రెండు గంటలు మించిన పనికి డబ్బు ఇమ్మన్నందుకు రావడం మానేసే సంస్థ వస్తే మనకు ఒరిగేదేమిటి? ఈ రెండు షరతులూ ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లే ముందుగా అడగాలి. (వాళ్ల గదికి వెళ్లే దారి ఈ గోడ ముందు నుంచే, చదువుతారనే ఆశ.)

నోట్‌బుక్ నేను కొన్నాను, 60 రూపాయలు. తెలుగు డిపార్ట్‌మెంట్ బీరువాలో రెండో అరలో ఉంది, తాళం అటెండర్ అమ్మ దగ్గర అడగండి. మొదటి రెండు పేజీలు హోసూరు అక్క రాసింది, బస్సు టికెట్లు కూడా అంటించింది. కోలారు, చిత్తూరు అక్కలు శనివారం లోపు రాస్తామన్నారు.