పిల్లికూతలూ, గాలి యంత్రమూ

పిల్లలూ! ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. "చూడండి, కొలవండి, ఆ తరువాతే నమ్మండి" అని పాతికేళ్లకు పైగా తరగతిలో చెబుతున్న సైన్సు మాస్టారిని నేను. అటువంటి నేను మా ఇంట్లో చేసిన నిర్వాకం వినండి.

మా చిన్నమ్మాయికి ఉబ్బసం. రెండేళ్ల క్రితం ఒక పిల్లికూన మా ఇంట్లో చేరింది. అప్పటి నుంచి అమ్మాయికి తుమ్ములు, కళ్ల దురద, రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు ఎక్కువయ్యాయి. డాక్టరు గారు చర్మపరీక్ష చేయించి పిల్లికీ, ఇంటి దుమ్ములో బతికే ఒక సూక్ష్మజీవికీ ఎలర్జీ ఉందన్నారు. పిల్లిని ఎవరికైనా ఇచ్చేద్దామంటే అమ్మాయి అన్నం మానేసింది. చివరికి ఎయిర్ ప్యూరిఫైయర్, అంటే గాలిని వడగట్టే యంత్రం కొన్నాం. నెల తిరిగేసరికి తుమ్ములు తగ్గాయి. మీరూ కొనండని తోటి మాస్టార్లకు సలహా కూడా ఇచ్చాను.

ఒక ఆదివారం ఏదో సందేహం అడగడానికి తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు వచ్చాడు. "మాస్టారూ, దీని లోపల వడపోత ఎలా ఉంటుందో చూడవచ్చా?" అన్నాడు. వెనక మూత తీశాం. వడపోతకు చుట్టిన ప్లాస్టిక్ సంచి అలాగే ఉంది! దాన్ని విప్పాకే యంత్రం నడపాలని వెంట వచ్చిన పుస్తకంలో రాసే ఉంది. నేను చదవలేదు. ఆ నెలరోజులూ యంత్రం చప్పుడు చేసింది తప్ప గాలిని వడగట్టలేదు.

మరి తుమ్ములు ఎందుకు తగ్గాయి? యంత్రం కొన్న వారంలోనే పిల్లిని పడకగదిలోకి రానివ్వడం మానేశాం. దుప్పట్లు, దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతకసాగాం. డాక్టరు చెప్పిన మందు తప్పకుండా వాడాం. ఈ మూడింటిలో దేనివల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేను. విడివిడిగా పరీక్షించలేదు గదా! యంత్రం వల్ల మాత్రం కాదు. నమ్మకం ఎంత సులువుగా కుదురుతుందో చూశారా?

అందుకే నా అభిప్రాయం ఇది: యంత్రం మొదట కాదు, చివర రావాలి. వస్తే లెక్కతో రావాలి.

ఏది తేలుతుంది? ఏది పడుతుంది?

పిల్లి వెంట్రుకలే ఎలర్జీకి కారణమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అసలు కారణం 'ఫెల్ డి 1' అనే ప్రోటీను. ఇది పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ ఉంటుంది. పిల్లి ఒళ్లు నాకుకుంటుంది. అది ఆరి, చర్మపు పొట్టుతో కలిసి గాలిలోకి లేస్తుంది. కుక్కలకూ ఇటువంటి ప్రోటీన్లు ఉన్నాయి.

ఇక ఆ సూక్ష్మజీవి పేరు డస్ట్ మైట్. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే ఈ జీవి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని, పరుపుల్లో, దిండ్లలో బతుకుతుంది. ముఖ్యంగా దాని విసర్జన రేణువులే ఎలర్జీ తెప్పిస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క. 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. మీటరున్నర ఎత్తు నుంచి నేలకు చేరడానికి 8 నిమిషాలు చాలు. 1 మైక్రాను రేణువు వేగం అందులో సుమారు వందో వంతే. దానికి సుమారు 12 గంటలు పడుతుంది. మైట్ రేణువులు 10 మైక్రాన్లు, ఆ పైన ఉంటాయి. పరుపు దులిపితే లేచి, కాసేపటికే మళ్లీ పరుపు మీదే పడతాయి. మూలన ఉన్న యంత్రం వాటిని లాక్కునేది తక్కువ. వాటికి మందు ఉతుకుడే. 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో ఉతికితే మైట్లు చస్తాయి. పిల్లి ప్రోటీనులో మాత్రం కొంత భాగం 5 మైక్రాన్ల కంటె చిన్న రేణువులపై ఉండి గంటల తరబడి తేలుతుంది. యంత్రం సాయపడగలిగేది ఇక్కడే.

కొనేముందు అడగవలసినవి

మొదటిది వడపోత. మంచి వడపోతను 'హెపా' అంటారు. 1940ల్లో అమెరికా అణుబాంబు పథకంలో రేడియోధార్మిక ధూళిని పట్టడానికి ఇటువంటి వడపోతలు తయారుచేశారు. 0.3 మైక్రాన్ల రేణువులు 10,000 వస్తే 3 మాత్రమే దాటిపోవాలన్నది దీని ప్రమాణం. అంతకంటె చిన్నవి తప్పించుకుంటాయా? లేదు! ఇది పిండి జల్లెడ కాదు. పెద్ద రేణువులు గాలితోపాటు మలుపు తిరగలేక పీచులకు కొట్టుకుంటాయి. మరీ చిన్నవి బ్రౌనియన్ చలనం వల్ల అటూ ఇటూ ఊగి పీచులకు తగులుకుంటాయి. నడిమి సైజువే పట్టుబడడం కష్టం. అందుకే పరీక్ష వాటితో పెడతారు. పెట్టె మీద 'హెపా వంటిది' అని మాత్రమే ఉండి, శాతం, సైజు రాయకపోతే నిలదీసి అడగండి.

రెండోది సి.ఎ.డి.ఆర్. యంత్రం గంటకు ఎంత శుభ్రమైన గాలిని ఇస్తుందో చెప్పే అంకె ఇది. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. ఘనపరిమాణం 1,200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనమీటర్లు. గంటకు 5 సార్లు గాలి శుభ్రపడాలంటే 34 × 5 = 170 ఘనమీటర్లు కావాలి. 100 అని రాసిన యంత్రం ఈ గదికి చాలదు. పైగా ఈ అంకె సాధారణంగా అత్యధిక వేగానికి రాస్తారు. రాత్రి చప్పుడు లేకుండా మెల్లగా నడిపితే అంత రాదు. అందుచేత కాస్త పెద్దదే నయం.

మూడోది ఓజోను. కొన్ని యంత్రాలు విద్యుత్తుతో గాలిని శుభ్రం చేస్తామంటూ ఓజోనును వదులుతాయి. ఆకాశంలో ఎత్తున ఉండి అతినీలలోహిత కిరణాలను ఆపే ఓజోను మనకు మిత్రుడే. ముక్కులోకి వస్తే మాత్రం ఊపిరితిత్తులను మంటపెడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి మరీ చెరుపు. అటువంటివి వద్దు.

నాలుగోది ఖర్చు. 40 వాట్ల యంత్రం రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు. అది పెద్ద భారం కాదు. కాని వడపోతను మార్చుతూ ఉండాలి. యంత్రం ధరతోపాటు వడపోత ధర కూడా అడగండి.

అన్నీ సరిగా ఉన్నా, పక్కనే దోమల చుట్టో, సాంబ్రాణి పొగో వేస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే. యంత్రం నడిచేటప్పుడు తలుపులు మూయాలి. అయితే మనం వదిలే బొగ్గుపులుసు వాయువును అది తీసివేయదు కనుక, రోజూ కొంతసేపు కిటికీలు తెరవాలి.

కొనలేనివారు చిన్నబుచ్చుకోవద్దు. పొడి చీపురుతో దుమ్ము రేపకుండా తడిగుడ్డతో తుడవడం, పక్కబట్టలు ఉతకడం, పిల్లికి వేరే చోట పక్క వేయడం, వీటికి వేలు ఖర్చు కాదు. పిల్లిని మాత్రం సంతలో వదిలి రావద్దు. అది పోయినా దాని ప్రోటీను నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. ఆయాసం తీవ్రమై, డాక్టరు తప్పదంటే మంచి ఇల్లు చూసి అప్పగించండి. ఊపిరి కంటె మమకారం ఎక్కువ కాదు.

యంత్రం ఉన్నవారు ఇలా పరీక్షించండి. 14 రాత్రులు ఇంట్లో పెద్దలొకరు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే వడపోతతో, బొరుసు పడితే వడపోత తీసి యంత్రాన్ని నడపాలి. ఏది ఎప్పుడో ఎలర్జీ ఉన్నవారికి చెప్పకూడదు. వారు రోజూ తుమ్ములు, దగ్గు లెక్క రాయాలి. చివర రెండు పట్టికలూ పోల్చండి. మందులు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకూడదు సుమా! మేమూ ఇప్పుడు ఆ పట్టికే రాస్తున్నాం.

అన్నిటికంటె ముందు, ఈ సాయంత్రమే వెనక మూత తీసి చూడండి. సంచి ఉందేమో!