చూపుకు హద్దు: ఇంటికి సీసీ కెమెరా పెట్టించే ముందు

ఒకప్పుడు నగల దుకాణదారులు, మస్జిదు కమిటీల వారు మాత్రమే అడిగే ప్రశ్న ఇప్పుడు సాధారణ గృహస్థుల నుంచి వస్తున్నది. “సీసీ కెమెరాలు పెట్టించాలనుకుంటున్నాము. ఏవి కొనాలి? ఎన్ని కావాలి?” ఇంటి యజమాని ఉపాధి నిమిత్తం జిద్దాలోనో దుబాయిలోనో ఉంటాడు. ఇంట్లో వృద్ధురాలైన తల్లి, భార్య, చదువుకునే పిల్లలు ఉంటారు. వీధిలో ఎవరింటనో దొంగలు పడ్డారన్న వార్త వినగానే ఆ వారంలోనే దుకాణం మనిషి నిచ్చెనతో వచ్చేస్తాడు. నాలుగు కెమెరాలు, ఒక రికార్డరు, ఫోనులో ఒక యాప్. సాయంత్రానికి పని ముగుస్తుంది.

ఈ తొందరలో రెండు విషయాలు విచారణకు రాకుండా మిగిలిపోతాయి. అవసరం వచ్చిన నాడు ఆ కెమెరా పనికివస్తుందా? అవసరం లేని మిగతా రోజుల్లో దానివల్ల ఎవరికైనా హాని ఉన్నదా? ఈ నెల ఆ రెండింటినీ వరుసగా పరిశీలిద్దాము.

ముఖం కావాలా, కదలిక చాలా?

దుకాణంలో మొదట చెప్పేది మెగాపిక్సెళ్ల లెక్క. 2 మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రం అడ్డంగా 1920 చుక్కలతో ఏర్పడుతుంది. 4 మెగాపిక్సెళ్ల చిత్రంలో సుమారు 2560 చుక్కలు ఉంటాయి. అయితే ఆ చుక్కలు ఎంత వెడల్పు స్థలం మీద పరచుకున్నాయో చూడాలి. నిఘా కెమెరాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అపరిచితుని ముఖాన్ని నిస్సందేహంగా గుర్తించడానికి మీటరు వెడల్పుకు 250 చుక్కలు కావాలి. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. ఎవరో అటు కదిలారని తెలుసుకోవడానికి 25 సరిపోతాయి.

1920ని 250తో భాగించి చూడండి. ఏడున్నర మీటర్ల పైచిలుకు వస్తుంది. దృశ్యం అంతకంటే వెడల్పైన చోట 2 మెగాపిక్సెళ్ల కెమెరా మనిషిని చూపుతుంది గాని, ఆ మనిషి ఎవరో చెప్పలేదు. ఇళ్లకు సాధారణంగా బిగించే 2.8 మిల్లీమీటర్ల లెన్స్ ఇంచుమించు నూరు డిగ్రీల మేర విశాలంగా చూస్తుంది. మూడు మీటర్ల దూరంలోనే దాని దృశ్యం ఏడు మీటర్ల వెడల్పుకు చేరుతుంది. గేటు పాతిక అడుగుల దూరంలో ఉంటే ఆ లెన్స్‌కు అక్కడ దొరికేది ఆకారం మాత్రమే. 6 మిల్లీమీటర్ల లెన్స్ చూపు కోణం అందులో దాదాపు సగమే గనుక, అదే గేటు వద్ద ముఖం స్పష్టంగా దొరుకుతుంది. కాబట్టి ప్రాంగణమంతటినీ చూడడానికి ఒకటి, గేటును మాత్రమే చూడడానికి మరొకటి పెట్టించుకోవడం, ఒకే తీరు కెమెరాలను నాలుగు మూలలా బిగించడం కంటే మేలు.

ఎత్తు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఎవరికీ అందకూడదని మేడ మీది పిట్టగోడకు బిగిస్తే అది టోపీలను, హెల్మెట్లను చిత్రిస్తుంది. గుమ్మం వద్ద ముఖం దొరకాలంటే ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు తగినది. ఉదయపు ఎండకు ఎదురుగా పెడితే మనిషి ముఖం నల్లని నీడగా మారుతుంది. తప్పనిసరిగా అటే చూడవలసి వస్తే డబ్ల్యూడీఆర్ సౌకర్యం గల కెమెరాను అడగండి. రాత్రివేళ కెమెరా తన పరారుణ కిరణాలతో చూస్తుంది. దగ్గరలో సున్నం వేసిన గోడ గాని, సన్‌షేడ్ అంచు గాని ఉంటే ఆ కిరణాలు తిరిగి వచ్చి చిత్రమంతా తెల్లబడుతుంది. సాలెగూడు పట్టినా అదే ఫలితం. గేటు వద్ద రాత్రంతా వెలిగే ఒక చిన్న బల్బు, ఖరీదైన కెమెరా చేయగల పనిలో చాలా భాగం చేసిపెడుతుంది.

గోడకు రంధ్రం వేయకముందే కెమెరాను చేతితో పట్టి ఉంచి, ఒక మనిషిని గేటు వద్ద నిలబెట్టి చూడండి. పగలు ఒకసారి, ఇషా నమాజు తరువాత మరొకసారి. ఆ ముఖం గుర్తుపట్టగలిగితేనే మేకు కొట్టనివ్వండి.

రికార్డరు, హార్డ్ డిస్క్

రికార్డర్లు రెండు రకాలు. డీవీఆర్‌కు కెమెరాల నుంచి కోయాక్సియల్ తీగ వస్తుంది. మన వద్ద దుకాణాల్లో “త్రీ ప్లస్ వన్” కేబుల్ అని అడిగితే ఇచ్చేది ఇదే. కెమెరాలకు విద్యుత్తు వేరుగా 12 వోల్టుల సరఫరా నుంచి అందుతుంది. ఎన్‌వీఆర్‌కు ఐపీ కెమెరాలు జతపడతాయి. పీఓఈ స్విచ్ ఉంటే చిత్రమూ విద్యుత్తూ ఒకే నెట్‌వర్క్ తీగలో ప్రయాణిస్తాయి. ఆ తీగ పొడవు 100 మీటర్లు మించరాదు. నాలుగు కెమెరాల చిన్న ఇంటికి డీవీఆర్ సరిపోతుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మాత్రం గోడల్లో పైపులు వేసేటప్పుడే నెట్‌వర్క్ తీగలు లాగించుకోవడం మంచిది. వైఫై కెమెరాలో చిప్ పెట్టుకుంటే రికార్డరు అక్కరలేదన్న మాట నిజమే. అయితే దొంగ ఆ కెమెరాను పీకి పట్టుకుపోతే సాక్ష్యం కూడా అతనితోనే పోతుంది.

ఎన్ని రోజుల రికార్డింగు నిలుస్తుందో కొనకముందే లెక్క కట్టుకోవచ్చును. హెచ్.265 పద్ధతిలో రికార్డు చేసే 2 మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు సుమారు 21.6 గిగాబైట్లు అవుతుంది. నాలుగు కెమెరాలకు దాదాపు 86 గిగాబైట్లు. 1 టెరాబైట్ డిస్క్ 11 రోజులకు నిండి, పాతది చెరిపి కొత్తది రాసుకోవడం మొదలవుతుంది. నెల రోజులు నిలవాలంటే రెండున్నర టెరాబైట్లకు పైగా కావాలి. అంటే 4 టెరాబైట్ల డిస్క్ తీసుకోవలసి ఉంటుంది. కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు అయ్యేటట్లు అమర్చుకుంటే ఇందులో చాలా మిగులుతుంది. డిస్క్ కూడా నిఘా పనికై తయారైనదే కావాలి. వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అటువంటివి. మామూలు కంప్యూటరు డిస్క్ రాత్రింబవళ్లు ఆగకుండా రాయడానికి రూపొందినది కాదు.

మస్జిదు, మదర్సా కమిటీల వారు ఈ లెక్కను ప్రత్యేకంగా గమనించాలి. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం, ఒకేసారి 100 మంది గాని, రోజుకు 500 మంది గాని వచ్చే ప్రదేశాల్లో కెమెరాలు ఉండాలని, వాటి రికార్డింగును 30 రోజులు భద్రపరచాలని నిర్దేశించింది. ప్రార్థనాలయాలు, విద్యాసంస్థలు కూడా దాని పరిధిలోనివే.

రికార్డరును హాలులో టీవీ పక్కన ఉంచడం చాలా ఇళ్లలో కనిపించే అలవాటు. దొంగ మొదట పట్టుకుపోయేది దానినే. గాలి ఆడే తాళపు అలమారాలో పెట్టి, ఒక చిన్న యూపీఎస్ జతచేయండి. ఇంటర్నెట్ రూటరుకు కూడా దాని నుంచే విద్యుత్తు ఇవ్వండి. లేకుంటే కరెంటు పోయిన సమయమే దొంగకు అనువైన సమయమవుతుంది.

కెమెరా చూడరాని చోట్లు

ఇక రెండవ ప్రశ్న. ఇతరుల గుట్టును కూపీ లాగడాన్ని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతు నిషేధించింది. పరుల ఇంట ప్రవేశించే ముందు అనుమతి కోరాలని నూర్ సూరా 27వ ఆయతు ఆదేశించింది. ఈ అనుమతి నియమం చూపును దృష్టిలో పెట్టుకునే ఏర్పడిందని హదీసుల వల్ల తెలుస్తున్నది. కాలు గడప దాటకపోయినా చూపు దాటితే అది ప్రవేశమే. గోడకు బిగించిన కెమెరా చూపునకు ఈ నియమం ఎందుకు వర్తించదు?

మన కెమెరా పొరుగువారి వాకిలిని, వారు బట్టలు ఆరవేసుకునే మేడను, వారి కిటికీని చూడకూడదు. కోణం మార్చడం సాధ్యం కాకపోతే ప్రైవసీ మాస్క్ అనే సౌకర్యం చాలా రికార్డర్లలో ఉంటుంది. చిత్రంలో ఆ భాగాన్ని నల్లగా కప్పివేయవచ్చును. పెట్టించిన రోజే పొరుగింటి పెద్దను పిలిచి తెర చూపించండి. కలహం రాకముందే తీరిపోతుంది. మాటలు రికార్డు చేసే సౌకర్యాన్ని ఆపివేయించండి. వీధిలో నిలబడి ఇద్దరు మాట్లాడుకునే సంభాషణ మనకు సంబంధించినది కాదు.

ఇంటి లోపలి సంగతి ఇంకా సున్నితమైనది. విదేశంలో ఉన్న భర్త హాలులో, వంటింటి ద్వారం వద్ద కెమెరాలు పెట్టించి, విరామ సమయంలో ఫోను తెరిచి చూసుకుంటాడు. ప్రేమతోనే చూస్తున్నానని అతడంటాడు. కాని ఆ ఇంట ఉన్న స్త్రీకి దుపట్టా తీసి కూర్చునే చోటు లేకుండా పోతుంది. కోడలు ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, అత్త ఎందుకు విసుక్కున్నది అని వేల మైళ్ల దూరం నుంచి సంజాయిషీలు మొదలవుతాయి. పైగా ఆ చిత్రం భర్త ఒక్కడే చూస్తాడన్న నమ్మకం ఏమిటి? గదిలో అతనితో ఉండే నలుగురు స్నేహితులు చూడవచ్చును. కెమెరా అమర్చిన వ్యక్తి చూడవచ్చును. పరదా కోసం ఇంటికి గోడలు కట్టుకుని, ఆ గోడలోనే కిటికీ తెరిచినట్లవుతుంది. దూరాన ఉన్న భర్తకు ఇంటి క్షేమం తెలియాలంటే గేటు కెమెరా ఒకటి, రోజుకు ఒక ఫోను చాలు.

దేశపు న్యాయస్థానాలు కూడా ఈ విషయాన్ని గుర్తించాయి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒకే ఇంట నివసించే సోదరుల వివాదంలో, తోటి నివాసుల సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు నిర్ణయించగా, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం జైలుశిక్షకు తగిన నేరం. ఉమ్మడి కుటుంబాల్లో అన్నదమ్ములు, వదినా మరదళ్లు అందరినీ కూర్చోబెట్టి, వారి సమ్మతితోనే ఈ పని చేయాలి. మదర్సాలలో గేటు, వరండా, కార్యాలయం వరకు కెమెరాలు సమంజసం. పిల్లలు నిద్రించే గదులు, దుస్తులు మార్చుకునే చోట్లు, స్నానాల గదుల వైపు తెరుచుకునే దారులు వాటికి వెలుపల ఉండవలసిందే.

తాళపుచెవి ఎవరి చేతిలో?

2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలను, రికార్డర్లను వశం చేసుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పేరున్న అనేక వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. అది వాడిన ఉపాయం చాలా చిన్నది. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చలేదు. అంతే. మన ఇళ్లలో నేటికీ “అడ్మిన్”, “12345” వంటివి కనిపిస్తుంటాయి. బిగించిన వ్యక్తి వెళ్లకముందే మీరే కూర్చుని కొత్త పాస్‌వర్డు పెట్టండి. యాప్ ఖాతా మీ ఫోను నంబరు మీదే తెరవండి. అతని ఫోనులో మీ రికార్డరు జతచేసి ఉంటే మీ ఎదుటనే తొలగించమనండి. రికార్డరు మీది క్యూఆర్ కోడ్ చిత్రాన్ని ఎవరికీ పంపవద్దు. పాత రికార్డరును అమ్మేటప్పుడు డిస్క్ తీసి ఉంచుకోండి. కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది గనుక, కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ గురించి అడగడం మీ హక్కు.

సంఘటన జరిగినప్పుడు

రికార్డరులోని తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో నెలకొకసారి చూడండి. గంట తేడా ఉన్న దృశ్యం నిజాన్ని కూడా అనుమానానికి గురిచేస్తుంది. దొంగతనం జరిగితే పాతది చెరిగిపోకముందే ఆ భాగాన్ని పెన్‌డ్రైవులోకి తీయించి, రికార్డరును కదిలించకుండా పోలీసులకు తెలపండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ప్రతిని కోర్టుకు సమర్పించేటప్పుడు ధ్రువపత్రం జతపరచాలి. అందులో సమర్పించేవారు నింపవలసిన భాగం ఒకటి, నిపుణుడు నింపవలసిన భాగం ఒకటి ఉంటాయి.

వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆ దృశ్యాన్ని పంచకండి. రాత్రి పదకొండు గంటలకు మీ గేటు ముందు నిలిచిన యువకుడు చిరునామా వెదుక్కుంటూ వచ్చినవాడు కావచ్చును. “ఇతడే దొంగ” అన్న రెండు మాటలతో ఆ చిత్రం మొహల్లా అంతా తిరిగితే, నిర్దోషి అని తేలిన తరువాత కూడా అతని తల్లిదండ్రులు తలెత్తుకోలేరు. వార్తను నిర్ధారించుకోకుండా ఎవరి మీదా చర్య తీసుకోరాదన్న ఆదేశం అదే హుజురాత్ సూరా 6వ ఆయతులో ఉన్నది. కెమెరా తెచ్చిన వార్త కూడా వార్తే.

కాబట్టి దుకాణానికి వెళ్లకముందు ఒక కాగితం మీద మీ ఇంటి పటం గీయండి. ఏ చోట ముఖం కావాలో, ఏ చోట కదలిక తెలిస్తే చాలునో గుర్తించండి. ఏయే చోట్లను కెమెరా చూడరాదో వాటిని అడ్డగీతలతో కొట్టివేయండి. ఆ పటాన్ని ఇంట్లోని స్త్రీలకు చూపి, వారు ఇంకేమైనా కొట్టివేయమంటే కొట్టివేయండి. దుకాణం మనిషి చేతిలో ఆ కాగితం పెట్టిన తరువాతనే నిచ్చెనను గోడకు ఆనించనివ్వండి.