చలికి అసలు దుప్పటి ఇంటి కప్పే

డిసెంబరు వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో అంకెలు మొదలవుతాయి. లంబసింగిలో ఎన్ని డిగ్రీలు, చింతపల్లిలో ఎన్ని, సిర్పూర్(యు)లో ఎన్ని, గిన్నెధరిలో ఎన్ని అని పొద్దున్నే చూస్తాం. మంచు తెరల ఫొటోలు వస్తాయి. శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్లు కార్లతో నిండిపోతాయి. ఆ అంకెలన్నీ ఆరుబయట కొలిచినవి. అదే రాత్రి ఆ కొండ ఊళ్లలో రేకుల కప్పు కింద ముడుచుకుని పడుకున్న ముసలమ్మ గదిలో ఎంత ఉందో, ఆశ్రమ పాఠశాలలో సిమెంటు నేల మీద పడుకున్న పిల్లల చుట్టూ ఎంత ఉందో మనం కొలవడం లేదు. ఆరోగ్యాన్ని తేల్చేది ఆ రెండో అంకె. చలిని వాతావరణ వార్తగా, మహా అయితే దుప్పట్ల పంపిణీగా చూడటానికి అలవాటు పడ్డాం. నిజానికి అది ఇంటి కట్టుబడికి సంబంధించిన సమస్య. పేదవాడి ఇల్లు వెచ్చగా ఉండేలా కట్టడం, ఉన్న ఇంటిని చలికి ముందే సిద్ధం చేయడం ప్రభుత్వ బాధ్యతల్లో చేరాలి.

ఎండదెబ్బ మరణం కంటికి కనిపిస్తుంది. చలి వల్ల పోయిన ప్రాణం గుండెపోటుగానో, పక్షవాతంగానో, న్యుమోనియాగానో నమోదవుతుంది. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, రక్తపోటు పెరుగుతుంది, ఊపిరితిత్తులు తేలిగ్గా జబ్బు పడతాయి. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 13 దేశాల్లో 7.4 కోట్ల మరణాలను పరిశీలించి, వాటిలో 7.29 శాతాన్ని చలికి, 0.42 శాతాన్ని వేడికి ఆపాదించింది. అందులో అసలు గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ చలి మరణాల్లో అత్యధికం గడ్డకట్టించే రోజులవి కావు, ఓ మోస్తరు చలి రోజులవి. ఆ జాబితాలో భారత్ లేదు. అయితే మన దేశంలోని మరణాల సమాచారంతో 2018లో వెలువడిన పరిశోధన కూడా ఓ మోస్తరు చలి వైపే వేలు చూపింది.

మన హెచ్చరికల వ్యవస్థకు ఈ ఓ మోస్తరు చలి ఆనదు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే అది శీతల గాలి. ఏకంగా 4 డిగ్రీలకు పడిపోయినా శీతల గాలే. కొండ ప్రాంతాలకైతే ముందుగా సున్నాకు చేరాలి. ఒక గూడెంలో వారాల తరబడి రాత్రిళ్లు ఆరేడు డిగ్రీలే ఉన్నా, అక్కడికి అది మామూలే కాబట్టి ఏ హెచ్చరికా రాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో గృహాలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, చలి ప్రదేశాల ఇళ్లలో లోపలి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకుండా చూడమని చెప్పింది. మన ఏజెన్సీ గిరిజన ప్రాంతాలకు ఈ రెండో కొలమానం కావాలి.

గడ్డి పోయింది, దాని పని చేసేది రాలేదు

ఏజెన్సీలోని పాత ఇల్లు చలిని కాచుకోవడం తెలిసి కట్టిన ఇల్లు. మందపాటి మట్టి గోడ పగటి ఎండను దాచుకుని రాత్రి నెమ్మదిగా వదిలేది. పైన దట్టంగా కప్పిన గడ్డి, దాని కింద అటక. గడ్డి పోచల నడుమ చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనిచ్చేది కాదు. ఒకే మందం తీసుకుంటే, గడ్డి కన్నా కాంక్రీటు గుండా సుమారు ఇరవై రెట్లు ఎక్కువ వేడి పోతుంది. రేకు సంగతి చెప్పనక్కర్లేదు. మబ్బు లేని రాత్రి కప్పు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. పల్చటి రేకు చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువగా చల్లబడిపోతుంది. తెల్లవారుజామున దాని లోపలి వైపు చెమర్చి, బొట్లు బొట్లుగా పక్క మీద పడేది అందుకే.

దీన్నిబట్టి గడ్డి ఇళ్లకే తిరిగి పోవాలని వాదించడం అన్యాయం. నిప్పు రవ్వ పడితే ఇల్లంతా బూడిదయ్యే భయం, కొన్నేళ్లకోసారి కప్పు మార్చే ఖర్చు, వానకు కారే కష్టం ఎలా ఉంటాయో ఆ ఇళ్లలో బతికినవాళ్లకు తెలుసు. పక్కా ఇల్లు వారి హక్కు, గౌరవం. ఆదిమ గిరిజన తెగల కోసం 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద దేశవ్యాప్తంగా 4.9 లక్షల ఇళ్లు, ఒక్కోదానికి రూ.2.39 లక్షల వ్యయంతో కట్టాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. మన చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు, సవరలు ఆ పథకం పరిధిలోకి వస్తారు. శ్లాబు వేయడంలో తప్పు లేదు. గడ్డి ఇంతకాలం చేసిన పనిని ఇకపై ఏది చేస్తుందో ఆలోచించకుండా ఉత్త శ్లాబుతో సరిపెట్టడమే తప్పు.

అసలు మన దగ్గర ప్రమాణాలు లేక కాదు. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నివాస భవనాల నియమావళి, కప్పు గుండా పోయే వేడి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించకూడదని పరిమితి పెట్టింది. ఉత్త శ్లాబు గుండా దానికి దాదాపు మూడు రెట్లు పోతుంది. ఆ సంహితను 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లోని నివాసాలను దృష్టిలో పెట్టుకుని రాశారు. చలికి అందరికన్నా ముందు వణికేవాడి ఇల్లు ఆ ప్రమాణానికి బయటే ఉండిపోయింది.

కుంపటి కన్నా ముందు కప్పు

ఇల్లు వేడిని నిలుపుకోకపోతే జనం నిప్పును ఆశ్రయిస్తారు. ఇక్కడే ప్రాణాపాయం ఉంది. గడ్డి కప్పులోంచి పొయ్యి పొగ కొంతైనా బయటికి పోయేది. అదే పొయ్యి శ్లాబు కింద, తలుపులు బిగించిన గదిలో పెడితే పొగంతా లోపలే తిరుగుతుంది. బొగ్గుల కుంపటి ఇంకా ప్రమాదం. పొగ కనిపించకపోయినా అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకూడదన్న మాట చలికి ముందే ప్రతి గూడేనికి, ప్రతి హాస్టల్‌కు చేరాలి.

కరెంటు హీటరు పేదవాడికి దారి కాదు. 1,500 వాట్ల హీటరు రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే 12 యూనిట్లు, నెలకు 360. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉచితంగా వచ్చేది నెలకు 200 యూనిట్ల లోపే. కప్పులోంచి, కిటికీ సందుల్లోంచి పోతున్న వేడికి ఇలా డబ్బు కట్టడం దండగ కూడా. చవకైన పద్ధతికి ఒక వరుస ఉంది. ముందు మనిషిని కాపాడాలి, తర్వాత పక్కను, తర్వాత గదిని. నిప్పు చివరి మాట.

నిద్రపోయే వయోజనుడి ఒంటి నుంచే డెబ్బై వాట్లకు అటూ ఇటూ వేడి వస్తుంది. దాన్ని పోనివ్వకపోతే చాలావరకు పని అయినట్టే. వెచ్చదనం పైనుంచే పోతుందనుకుని దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటాం. సిమెంటు నేల మీద పడుకుంటే కింది నుంచి అంతకు తక్కువేం పోదు. మంచం లేనిచోట వరిగడ్డి, గోనెపట్టా, వాటి మీద చాప, ఆపైన బొంత పరిస్తే ఆ నష్టం చాలా తగ్గుతుంది. పాత చీరలతో మన ఆడవాళ్లు కుట్టే బొంత పొరల నడుమ గాలిని బంధిస్తుంది. కురుమలు నేసే గొంగడి కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. పసిబిడ్డకైతే తల్లి ఒంటిని మించిన వెచ్చదనం లేదు. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతికి ఖర్చే ఉండదు.

గది విషయానికొస్తే, తలుపు కింది సందుకు గుడ్డల చుట్ట, విరిగిన కిటికీ రెక్కకు అట్టో గోనెపట్టానో అడ్డం, రేకుల కింద వెదురు తడికెతో లోకప్పు. పొయ్యి దగ్గర మాత్రం గాలి, పొగ పోయే దారి మూయకూడదు. తడికె మంటకు దూరంగా ఉండాలి, దాని మీద మట్టి మెత్తితే ఇంకా మంచిది. డిసెంబరు మధ్యాహ్నం మన అక్షాంశాల్లో సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీలకు అటూ ఇటూ ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు కిటికీ పగలు తెరిచి, పొద్దు వాలక ముందే మూస్తే ఆ ఎండ గది లోపల నిలుస్తుంది. మే నెలలో అదే సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి చిన్న సజ్జా ఉంటే వేసవిలో ఆ కిటికీ గుండా వేడి రాదు. లడఖ్‌లో ఫే గ్రామం దగ్గరి సెక్మాల్ విద్యాసంస్థ ప్రాంగణాన్ని ఈ సూత్రం మీదే, దక్షిణ ముఖంగా, మట్టి గోడలతో కట్టారు. అంతటి చలికే ఎండ, మట్టి సరిపోతే మన మన్యానికి సరిపోవా?

రెండు కాలాలకూ ఒకే ఖర్చు

ఏడాదిలో రెండు మూడు నెలల చలి కోసం ఇంత చేయాలా అని అడిగేవారున్నారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాలు వేసవిలో 45 డిగ్రీల దాకా మండుతాయి. కప్పు మీద వేడిని ఆపే పొర చలిలో లోపలి వేడిని బయటికి, ఎండలో బయటి వేడిని లోపలికి పోనివ్వదు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మంచి పని. అయితే అలాంటి కప్పుకు వేసే తెల్ల పూత ఎండను తిప్పికొట్టడమే చేస్తుంది. చలి రాత్రి దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా శీతకాలపు పగటి ఎండను కూడా కప్పుకు అందనివ్వదు. హైదరాబాదుకు పూత సరిపోవచ్చు. ఉట్నూరు, పాడేరుల్లో కావలసింది పొర. ఇటుక ముక్కలు, సున్నం కలిపి వేసే పాత గచ్చు, శ్లాబు మీద గాలి సందు ఉంచి పరిచే పెంకులు మన మేస్త్రీలకు కొత్తవి కావు.

డబ్బుకు దారి కూడా ఉంది. శీతల గాలిని కేంద్రం 2012లోనే సహాయ నిధి వర్తించే విపత్తుల్లో చేర్చింది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని ముందస్తు నివారణకు కేటాయించమంది. ఆ బాటలోనే ఆశ్రమ పాఠశాలల కప్పులు, కిటికీలు బాగు చేయాలి. అమెరికాలో పేదల ఇంధన బిల్లుకు ఏటా సాయం చేసే పథకం ఉంది, 1976లో మొదలై వారి ఇళ్లనే మరమ్మతు చేసే పథకమూ ఉంది. మొదటిది ప్రతి చలికీ మళ్లీ కావాలి. రెండోది ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. మన దుప్పట్ల పంపిణీ మొదటి తరహాది.

కాబట్టి కొండ మండలాల్లో మంజూరయ్యే ప్రతి ఇంటి నమూనాలో కప్పు పొర, దక్షిణపు కిటికీ, పొగ గొట్టం తప్పనిసరి చేయాలి. ఆ అదనపు ఖర్చును లబ్ధిదారు మీద వేయకుండా యూనిట్ విలువలోనే కలపాలి. ప్రతి హాస్టల్ గదిలో ఉష్ణమాపకం పెట్టి రాత్రి రీడింగు రాయించాలి. మంచాలు, ఉన్ని దుప్పట్లు, సోలార్ వేడినీళ్లు సమకూర్చాలి. అవి వచ్చేదాకా పిల్లల స్నానాన్ని తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి మార్చడానికి ఒక్క ఉత్తర్వు చాలు. దుప్పట్ల కొనుగోలు వేసవిలోనే మొదలై, తనిఖీ సెప్టెంబరులో జరిగి, మరమ్మతులు అక్టోబరుకల్లా ముగియాలి. చలి ముదిరాక పిలిచే టెండరు సంక్రాంతి దాటాకే ఫలిస్తుంది.

తుపాను ఎప్పుడొస్తుందో చెప్పలేం, చలి సంగతి అలా కాదు. ఏ నెలలో వస్తుందో, ఏ మండలాల మీద పడుతుందో, ఎవరిని ముందు దెబ్బతీస్తుందో ప్రతి ఐటీడీఏకు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు) తెలుసు. ఇళ్లకు ఇప్పటికే డబ్బు వెచ్చిస్తున్నాం. వెచ్చని కప్పు వేయడానికి సులువైన రోజు, తక్కువ ఖర్చయ్యే రోజు ఆ ఇంటికి కప్పు వేసే రోజే. దాన్ని ఒకసారి వదిలేస్తే ఆ కుటుంబం ఒక తరం పాటు చలికి మూల్యం చెల్లిస్తుంది.