పొగాకు పేరుతో కంది జన్యువు

కంది జన్యుక్రమం చదివేశారు, ఏ జన్యువు ఏం చేస్తుందో డేటాబేస్‌లో రాసిపెట్టి ఉంది, ఇక కావలసింది ఏరుకోవడమే. వ్యవసాయ పరిశోధన సభల్లో ఈ మాట ఎంత ధీమాగా వినిపిస్తుందో! బయోటెక్నాలజీ చదివే పిల్లలూ అంతే. ప్రాజెక్టు రిపోర్టులో జన్యువు పేరు రాసి, పక్కన ఐడీ నంబరు వేసి, రుజువు చూపించేశామనుకుంటారు. ఆ పేర్లలో అత్యధిక భాగం రుజువులు కావు, కంప్యూటరు వేసిన అంచనాలు. అంచనాను అంచనాగా వాడుకుంటే ఎవరికీ నష్టం లేదు. దాన్ని సాక్ష్యమని చూపించడం మీదే నా అభ్యంతరం.

నేనుండే కర్దనూరు నుంచి ఒక వైపు వెళ్తే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాలు, ఇంకో వైపు వెళ్తే మందుల ఫ్యాక్టరీలు. ఈ తగువులో సాక్షుల కోసం పటాన్‌చెరు దాటి పోనక్కర్లేదు.

ముందు కంది. 2011 నవంబరులో రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వంలో ఇక్రిశాట్ బృందం ‘ఆశ’ రకం కంది జన్యుక్రమం ముసాయిదాను ప్రకటించింది. 833 మెగాబేస్‌లు (మెగాబేస్ అంటే పది లక్షల డీఎన్‌ఏ అక్షరాలు) ఉంటుందనుకున్న క్రమంలో 605 దాకా కూర్చి, అందులో 48,680 జన్యువులున్నాయని లెక్కేసింది. అదే ఏడు అదే ‘ఆశ’ మీద నాగేంద్ర సింగ్ నాయకత్వంలో ఐసీఏఆర్ శాస్త్రవేత్తలు తేల్చిన లెక్క 47,004. ఆ తర్వాత 2013లో, మళ్లీ ఇక్రిశాట్ నేతృత్వంలోనే వచ్చిన శనగ జన్యుక్రమంలో తేలినవి 28,269. శనగ కంటే కందికి నిజంగానే ఇరవై వేల జన్యువులు ఎక్కువా, లేక లెక్కించే పద్ధతుల్లో తేడానా? అంకె పక్కన అంకె పెట్టుకుని కూర్చుంటే తేలేది కాదు. శాస్త్రవేత్తలు దాచిందేమీ లేదు. ముసాయిదా అన్నారు, ఊహించిన జన్యువులు అన్నారు. ఆ విశేషణాలను మింగేసింది మనం. మనిషి సంగతీ అంతే: 2001లో 30,000 నుంచి 40,000 అన్నారు, 2004లో 20,000 నుంచి 25,000 అన్నారు, ఇప్పుడు 20,000 దగ్గర ఆగారు.

లెక్క అలా ఉంచి, పేర్లు చూద్దాం. అమెరికా జన్యు సమాచార కేంద్రం ఎన్‌సీబీఐలో కంది ప్రొటీన్ల జాబితా తెరిస్తే ‘టీఎంవీ రెసిస్టెన్స్ ప్రొటీన్ ఎన్-లైక్’ అన్న పేరు పదే పదే తగులుతుంది. టీఎంవీ అంటే పొగాకు మొజాయిక్ వైరస్. ‘ఎన్’ పొగాకు జాతి మొక్క నుంచి 1994లో వేరుచేసిన జన్యువు. అది మొక్కను ఆ వైరస్ నుంచి కాపాడుతుందని ప్రయోగం చేసి చూశారు. బాగానే ఉంది, కానీ తాండూరు కంది రైతుకు పొగాకు మొజాయిక్‌తో ఏం పని? ఆయన గుండెల్లో రాయి పడేది ఎండు తెగులును చూసి, వెర్రి తెగులును చూసి. మరి కందికి ఈ పేరెలా అంటుకుంది? సాఫ్ట్‌వేర్ కంది వరుసను అప్పటికే పేరున్న వరుసలతో పోల్చింది. అన్నిటిలోకి దీనికి దగ్గరగా ఉన్నదాని పేరు తీసుకుని, చివర ‘లైక్’ చేర్చి తగిలించింది. ఐడీ ‘ఎక్స్‌పీ’తో మొదలైతే అది కంప్యూటరు ఊహించిన నమూనా అని ఎన్‌సీబీఐ వాళ్లే చెబుతారు. ముందున్న ‘ఎక్స్‌పీ’నీ, వెనకున్న ‘లైక్’నూ చదివే ఓపిక ఎవరికుంది? పరిశోధన పత్రంలోకి వచ్చేసరికి అది తెగులు నిరోధక జన్యువై కూర్చుంటుంది. ఇంటిపేర్లు కలిశాయి కాబట్టి ఇద్దరూ ఒకే ఉద్యోగం చేస్తున్నారని తేల్చేసినట్టుంది ఇది. పోలిక వల్ల జన్యువు కుటుంబం తెలుస్తుంది. అది ఏ తెగులును ఆపుతుందో, అసలు దేన్నైనా ఆపుతుందో లేదో పోలిక చెప్పలేదు.

ఇలాంటి తప్పులను కొలిచినవాళ్లున్నారు. 2009లో అలెగ్జాండ్రా ష్నోస్, ప్యాట్రీషియా బాబిట్ బృందం 37 ఎంజైమ్ కుటుంబాల పేర్లను నాలుగు డేటాబేస్‌లలో సరిచూసింది. మనుషులు కూర్చుని పరిశీలించే స్విస్-ప్రాట్‌లో తప్పులు దాదాపు లేవు. ఎక్కువ భాగం యంత్రాల మీద ఆధారపడిన మిగతా మూడింటిలో, కుటుంబ సమూహాన్ని బట్టి సగటున 5 శాతం నుంచి 63 శాతం దాకా తప్పులు తేలాయి. వాటిలో ఎక్కువగా కనిపించింది, వరుసను చూసి చెప్పగలిగిన దానికంటే కచ్చితమైన పనిని అంటగట్టడం. మన పొగాకు పేరు లాంటిదే.

డేటా సముద్రమంత ఉంది, చిన్న తప్పులు అందులో కొట్టుకుపోతాయని కొందరంటారు. ఎక్కడికక్కడ చెదురుమదురుగా పడిన తప్పులైతే పోతాయేమో. ఇవి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకునే తప్పులు. బ్యాక్టీరియా జన్యుక్రమాల్లో మనిషి డీఎన్‌ఏ ముక్కలు కలిసిపోయి, అసలు లేని ప్రొటీన్లు మూడు వేలకు పైగా డేటాబేస్‌లకెక్కాయని 2019లో జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఒకే ముక్క నాలుగు బ్యాక్టీరియాల్లో కనిపిస్తే ఇంకేం, అదొక ప్రొటీన్ కుటుంబమైపోతుంది! పోనీ తెలిసినవాళ్లు దిద్దుతారా అంటే, ఎన్‌సీబీఐ నడిపే జన్యు భాండారం జెన్‌బ్యాంక్‌లో రికార్డు మార్చే హక్కు దాఖలు చేసినవాళ్లదే. ఇతరులకూ దిద్దే వీలివ్వమని 2008లో రెండు వందల మందికి పైగా శిలీంధ్ర శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఉత్తరం రాశారు. జెన్‌బ్యాంక్ ఒప్పుకోలేదు. దాఖలు చేసిన విద్యార్థి పీహెచ్‌డీ పట్టా పుచ్చుకుని ఎక్కడో ఉద్యోగంలో చేరితే ఆ రికార్డు గతి అంతే.

ఇక ఫ్యాక్టరీల వైపు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను కొలిచింది. మందుల వ్యర్థాలు చేరిన ఏటి మడ్డిలోని డీఎన్‌ఏ చదివి, తెలిసిన నిరోధక జన్యువులతో పోల్చి 2011లో జాబితా వేశారు. అక్కడితో ఆపి ఉంటే అది డేటాబేస్ చెప్పిన కథే అయ్యేది. వాళ్లు ఆగలేదు. అదే మడ్డిలోని డీఎన్‌ఏను ముక్కలు చేసి ఈ.కోలైలోకి ఎక్కించారు. ఆ బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ కలిపిన పళ్లాల్లో పెంచి, బతికి బట్టకట్టిన వాటిలో ఏ ముక్క ఉందో చదివారు. 2018లో వచ్చిన ఫలితం చూడండి. మొదటి జాబితాలోని జన్యువుల్లో ఎక్కువ భాగం మళ్లీ దొరికాయి. కాబట్టి పోలిక పద్ధతి పనికిమాలినదని నేనూ అనను. కానీ కొత్తగా మరో ఏడు బయటపడ్డాయి: పెన్సిలిన్ తరహా మందులను విరగ్గొట్టే బీటా-లాక్టమేజ్‌లు ఆరు, అమికాసిన్ అనే మందును తట్టుకునేది ఒకటి. ఐసీయూలో చివరి అస్త్రంగా దాచుకునే కార్బపెనెమ్ మందులను కొంతమేరకైనా విరగ్గొట్టగలిగేది ఆ ఆరింటిలో ఉంది. పేరు లేనిదాన్ని పేర్ల జాబితా ఎలా పట్టుకుంటుంది?

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. మందును బయటికి తోసే పంపులకు ‘మల్టీడ్రగ్’ అని పేరు తగిలించి ఉంటుంది. మామూలు బ్యాక్టీరియాల్లోనూ అలాంటివి ఉంటాయి, ఉన్నంత మాత్రాన మందు పనిచేయకుండా పోదు. ఆ పేర్లన్నీ కూడితే ఏ చెరువులోనైనా గుట్టలకొద్దీ నిరోధక జన్యువులు చూపించవచ్చు. తెలియని వాటిని వదిలేస్తే ఏమీ లేదనీ చూపించవచ్చు. కాలుష్యం మీద పోరాడేవాళ్లకూ, ఏ కాలుష్యమూ లేదని దబాయించేవాళ్లకూ డేటాబేస్ సరిసమానంగా అక్కరకొస్తుంది. పోరాడేవాళ్ల పక్షాన ఉన్న నాకు ఇది రుచించని మాటే.

ఇప్పుడు కొత్త ధీమా ఏఐ. ప్రొటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో ఆల్ఫాఫోల్డ్ అద్భుతంగా చెబుతుంది, నిజమే. పని ఏమిటో చెప్పాలంటే మాత్రం మోడల్‌కు పాఠం కావాలి, ఆ పాఠం ఈ పేర్లే. మనుషులు సరిచూసిన స్విస్-ప్రాట్ రికార్డులు 6 లక్షల లోపే. యంత్రాలు నింపినవి కోట్లలో ఉన్నాయి.

నిధులిచ్చేవాళ్లను, పత్రికల సంపాదకులను అడగాల్సింది పెద్దదేం కాదు. జన్యువు పేరు రాస్తే ఆ పేరు దేని ఆధారంగా వచ్చిందో కూడా రాయాలి. జన్యువుల పనులను వర్గీకరించే జీన్ ఆంటాలజీలో ఇందుకు సంకేతాలు ఎప్పటినుంచో ఉన్నాయి: నేరుగా పరీక్షించి చూస్తే ‘ఐడీఏ’, మనిషి చూడకుండా యంత్రం వేస్తే ‘ఐఈఏ’. సీక్వెన్సింగ్ ప్రాజెక్టు బడ్జెట్‌లో సరిచూసే మనుషుల జీతమూ, పరీక్షల ఖర్చూ ఒక పద్దుగా ఉండాలి. ఇక్రిశాట్‌లో ఎండు తెగులు శిలీంధ్రాన్ని కావాలనే నేలలో నిలిపి ఉంచే మడులున్నాయి, సిక్ ప్లాట్లు అంటారు. ‘ఆశ’ ఎండు తెగులును తట్టుకుంటుందని జన్యుక్రమం రావడానికి ఎన్నో ఏళ్ల ముందే తేల్చింది అలాంటి మడులే. డేటాబేస్‌లో పేరు తెచ్చుకున్న కంది జన్యువులు ఎన్ని అక్కడిదాకా వెళ్లి నిలబడ్డాయో ప్రతి ప్రాజెక్టూ తన తుది నివేదికలో రాయాలి.