కూలిన ఊరిని ఎవరు నిలబెడతారు? భుజ్ నుంచి బొబ్బిలి దాకా

ఉత్తరాంధ్ర జనానికి భూకంపం కన్నా తుపానే ఎక్కువ తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చింది. రెండుసార్లూ వేరే జిల్లాల నుంచి అధికారులు, కరెంటు సిబ్బంది దిగారు. కొన్నాళ్లకు లైట్లు వెలిగాయి. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయారు. అయితే భూకంపంలో ఊరే కూలిపోతే పని వారాల్లో తెమలదు, ఏళ్లు పడుతుంది. మరి అన్నేళ్లూ అక్కడ కూర్చుని పని చేసేదెవరు?

ఈ ప్రశ్న గుజరాత్‌కు ఎదురైంది. 2001 జనవరి 26న కచ్ భూకంపంలో 13 వేల మందికి పైగా చనిపోయారు. రెండు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థను పెట్టింది. అప్పటికి దేశంలో విపత్తు నిర్వహణ చట్టమే లేదు, అది 2005లో వచ్చింది. భుజ్, అంజార్, భచావ్, రాపర్ పట్టణాలకు విడివిడిగా అభివృద్ధి సంస్థలు ఏర్పడ్డాయి. ప్లాన్లు గీయడానికి బయటి నుంచి నిపుణులను తెచ్చుకున్నారు. పల్లెల్లో చాలామంది తమ ఇల్లు తామే కట్టుకున్నారు. డబ్బు మాత్రం విడతల వారీగానే ఇచ్చారు. ఇంజినీరు వచ్చి చూసి సరేనంటేనే తర్వాతి విడత. అంటే ఇంజినీర్లు సరిపడా లేకపోతే ఖజానాలో డబ్బున్నా గోడ లేవదు.

తుర్కియే దారి వేరు. 2023 ఫిబ్రవరి 6 భూకంపాల తర్వాత కట్టుబడి పనిని ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ‘టోకీ’ చేతిలో పెట్టారు. పని వేగంగా సాగింది. కానీ కొత్త ఇంటి హక్కు సొంత ఇల్లు పోయినవాళ్లకే. అద్దెకున్నవాళ్లకు ఆ హక్కు లేదు.

జపాన్‌ది ఇంకో అనుభవం. 2011 సునామీలో ఒట్సుచి పట్టణ మేయర్‌తో పాటు పదుల సంఖ్యలో మున్సిపల్ ఉద్యోగులు చనిపోయారు. లెక్క రాసే చెయ్యి కూడా కరువైంది. అప్పుడు దూర ప్రాంతాల మున్సిపాలిటీలు తమ ఉద్యోగులను డిప్యుటేషన్‌పై పంపాయి.

బొబ్బిలికి మున్సిపాలిటీ ఉంది, పట్టణాభివృద్ధి సంస్థ ఉంది, వార్డు సచివాలయాలున్నాయి. వార్డు ప్లానింగ్ కార్యదర్శి అనే పోస్టు కూడా ఉంది. కాబట్టి ఆపద వచ్చాక కొత్త ఆఫీసు వెతుక్కోవాల్సిన పని లేదు. ఆ కుర్చీల్లో మనుషులున్నారా, వాళ్ల దగ్గర ఇళ్ల లెక్కతో పాటు అద్దెదారుల లెక్క కూడా ఉందా అన్నదే అడగాల్సిన మాట.

కుటుంబాల వైపు నుంచీ ఒక పని ఉంది. చాలా ఇళ్లు ఇంకా తాత పేరు మీదే ఉంటాయి. పంపకాలు నోటిమాటతోనే అయిపోతాయి. విరాసత్‌లో భార్యకు, ఆడపిల్లలకు వాటా ఉంది. అది కాగితం మీద లేకపోతే, రేపు పరిహారం రాసే అధికారికి కనిపించేది ఒక్క పేరే. ఇల్లు నిలబడి ఉండగా ఆ కాగితాలు సరిచేసుకోవడం సులువు, కూలాక కష్టం.