దండెం తాడుతో మొదలైన స్నేహం

పాత షాపు ఒకటి మూతపడితే మనసెందుకు చివుక్కుమంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంటిల్లిపాది కొలతలూ కాగితం చూడకుండా చెప్పే టైలరు, అమ్మమ్మ చేతి సైజు గుర్తు పెట్టుకుని మనవరాలికి గాజులు తొడిగిన గాజులాయన, "ఈ చీర రంగు పోతుందమ్మా, తీసుకోకండి" అని తన సరుకు తనే వద్దని చెప్పే బట్టల కొట్టు పెద్దాయన... ఇలాంటి వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. వాళ్ళ కొట్టుకి తాళం పడ్డాక అదే వస్తువు ఇంకోచోట దొరుకుతుంది, ఒక్కోసారి ఇంకా చవగ్గానే దొరుకుతుంది. అయినా ఏదో వెలితి.

ఈ వెలితి ఆడవాళ్ళకే అనుకోకండి. మంచుకొండలెక్కే వాళ్ళకి, నిట్టనిలువు రాళ్ళ మీద బల్లుల్లా పాకే మొనగాళ్ళకి కూడా ఉంది. ఇంగ్లండులోనో అమెరికాలోనో వయసు మళ్ళిన పర్వతారోహకులు నలుగురు కలిస్తే ఎక్కిన శిఖరాలతో పాటు పాత షాపుల ముచ్చట్లు కూడా వస్తాయి. తాళ్ళు, బూట్లు, మంచు గొడ్డళ్ళు, గుడారాలు అమ్మిన చిన్న చిన్న షాపులు. ఆ షాపుల్లో పరిచయమైన స్నేహితులు. అందులో కొందరు ఇప్పుడు లేరు.

కొండెక్కేటప్పుడు ఒకే తాడుకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కట్టుకుంటారు. ఒకరు ఎక్కుతుంటే రెండో మనిషి కింద నిలబడి తాడు పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటారు. పైవాళ్ళు జారితే కిందవాళ్ళు పట్టి ఆపాలి. అంటే ప్రాణం రెండిటి మీద ఆధారపడి ఉంటుందన్నమాట. ఒకటి తాడు, రెండోది తోడు. తాడు షాపులోనే కొనాలి. చాలామందికి తోడు కూడా ఆ షాపులోనే దొరికేది. అమ్మే మనిషి కూడా కొండలెక్కే మనిషే కాబట్టి, ఏ బూటు ఎవరికి పనికొస్తుందో, ఏ కొండ మీద రాయి వదులుగా ఉందో నోటితోనే చెప్పేవాడు.

ఈ కథల్లో నాకు బాగా నచ్చింది జో బ్రౌన్ కథ. ఇంగ్లండులోని మాంచెస్టర్లో 1930లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. కొండలెక్కాలని సరదా, తాడు కొనడానికి డబ్బుల్లేవు. అందుకని వాళ్ళమ్మ బట్టలారేసుకుని పక్కన పడేసిన దండెం తాడు తీసుకుని స్నేహితులతో కలిసి బయలుదేరాడు! తడి దుప్పటి బరువుకే సాగిపోయే తాడుని నమ్ముకుని మనిషి రాయెక్కడమంటే మనకి గుండె ఆగినంత పనవుతుంది. కానీ ఆ పిల్లవాడే 1955 మే 25న జార్జ్ బాండ్ అనే తోటి ఆరోహకుడితో కలిసి, ప్రపంచంలో మూడో ఎత్తయిన కాంచన్‌జంగని మొట్టమొదటగా ఎక్కాడు. సిక్కిం వాళ్ళకి అది దేవుడి కొండ. అందుకని ఇచ్చిన మాట ప్రకారం కొసాఖరి కొన్ని అడుగులు తొక్కకుండా వెనక్కి దిగొచ్చారు.

అప్పట్లో సామాను కూడా ఇంట్లో చేసుకున్నదే. రాతి పగుల్లో గులకరాయి ఇరికించి, దానికి చిన్న తాడు ముడేసి, ఆ ఆసరాతో ఎక్కేవారు. వేల్స్ ప్రాంతంలో స్నోడన్ కొండకి వెళ్ళే చిన్న రైలుంది. ఆ పట్టాల పక్కన నడుస్తూ రాలిపడిన ఇనప నట్లు ఏరుకునేవారు. నట్టు లోపలి మర తాడుని కోసెయ్యకుండా నున్నగా అరగదీసి, తాడు గుచ్చి, రాతి పగుల్లో దిగేసేవారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో తయారై ఖరీదైన షాపుల్లో వేలాడే సామానుకి తాతలు ఆ ఏరుకున్న నట్లే. ఇంగ్లీషులో వాటిని ఇప్పటికీ నట్లనే అంటారు.

1960ల్లో జో బ్రౌన్ ఆ స్నోడన్ కింద ఉన్న లాన్‌బెరిస్ అనే ఊళ్ళో కొండ సామాన్ల షాపు పెట్టాడు. ఆ ఊళ్ళోనే పీట్స్ ఈట్స్ అని ఒక కాఫీ హోటలుండేది. పెద్ద గ్లాసుడు టీకి పేరుపడింది. రాయి మీద కొత్త దారి కనిపెట్టిన వాళ్ళు రాత్రి అక్కడికొచ్చి, ఒక పుస్తకంలో ఆ దారి వివరం రాసిపెట్టేవారు. మర్నాడు ఇంకొకరు అది చదివి బయలుదేరేవారు. షాపులో తాడు, హోటల్లో టీ, పుస్తకంలో దారి. ఊరు కాని ఊరు నుంచి ఒంటరిగా వచ్చిన కుర్రాడు కూడా సాయంత్రానికి నలుగురిలో కలిసిపోయేవాడు. వాళ్ళు బెంగపెట్టుకున్నది ఆ కలిసిపోవడం గురించే.

ఇక స్నేహితుల సంగతి. జో బ్రౌన్‌కి జోడీ డాన్ విలాన్స్. ప్లంబరు పని చేసేవాడు. పొట్టిగా, గట్టిగా, మాట కటువుగా ఉండేవాడు. 1950ల మొదట్లో ఆ ఇద్దరి పేర్లు జంటగానే వినబడేవి. 1955లో కాంచన్‌జంగకి బ్రౌన్‌ని పిలిచారు, విలాన్స్‌ని పిలవలేదు. అక్కణ్ణుంచి దారులు వేరయ్యాయి. ఒకేసారి పెళ్ళి చూపులు జరిగిన ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరికి సంబంధం కుదిరి ఇంకొకరికి కుదరకపోతే ఆ ఇంట్లో మాటలు ఎలా తగ్గిపోతాయో మనకి తెలియంది కాదు. అయినా ఆ స్నేహం పూర్తిగా తెగలేదు. 1973లో దక్షిణ అమెరికాలో రొరైమా అనే కొండగోడ ఎక్కడానికి ఇద్దరూ ఒకే బృందంలో వెళ్ళారు.

అంతకుముందు నడుముకి ఉత్త తాడు కట్టుకుని ఎక్కేవారు. జారితే పక్కటెముకలు నొక్కుకుపోయేవి. 1970లో అన్నపూర్ణ ప్రయాణం కోసం విలాన్స్ నడుముకీ తొడలకీ కలిపి కట్టుకునే పట్టీ ఒకటి రూపొందించాడు. తర్వాత అది ఆయన పేరుతోనే షాపుల్లో అమ్మింది. 1985లో యాభై రెండేళ్ళకే ఆయన పోయాడు. జో బ్రౌన్ 2020 ఏప్రిల్లో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో పోయాడు. పాత సామాను పెట్టెలో ఆ పట్టీ దాచుకున్న వాళ్ళకి అది ఉత్త పట్టీ కాదు కదా!

అమెరికా షాపుల కథ విందాం. దాన్ని నడిపింది మనలాంటి ఇల్లాళ్ళే. సియాటిల్ నగరంలో లాయిడ్ ఆండర్సన్ అనే ఆయనకి మంచు గొడ్డలి కావలసి వచ్చింది. ఊళ్ళో ధర చూస్తే కళ్ళు తిరిగాయి. భార్య మేరీ స్కూలు టీచరు, జర్మన్ భాష తెలిసిన మనిషి. ఆవిడ సాయంతో ఆస్ట్రియా కేటలాగు చదివి తెప్పించుకుంటే, పోస్టు ఖర్చుతో కలిపి మూడున్నర డాలర్లకే వచ్చింది. అది చూసి స్నేహితులు మాకూ మాకూ అన్నారు. 1938లో ఈ దంపతులతో కలిపి ఇరవై ముగ్గురు ఒక సహకార సంఘం పెట్టారు. సభ్యత్వం ఒక డాలరు. మన మహిళా పొదుపు సంఘాల్లాంటిదే. మొదట్లో ఆర్డర్లు, లెక్కలు, పార్శిళ్ళు అన్నీ వాళ్ళింట్లోనే. ఆ సంఘమే ఇవాళ ఆర్.ఇ.ఐ. అనే పెద్ద సంస్థ, సభ్యులు రెండు కోట్లు దాటారు. మేరీ గారు 2017లో నూట ఏడేళ్ళు నిండు జీవితం గడిపి వెళ్ళిపోయారు.

కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ ఊళ్ళో ఆలిస్ హోలుబార్ ఇంకో ఇల్లాలు. భర్త రాయ్ లెక్కల ప్రొఫెసరు. 1940ల చివర్లో ఆవిడ ఇంట్లోనే కుట్టు మిషను ముందు కూర్చుని, పక్షుల మెత్తటి ఈకలు కూరి మంచులో పడుకునే సంచులు, చలికోట్లు కుట్టి అమ్మింది. అదే ఊళ్ళో 1966లో ఫ్రాస్ట్‌లైన్ అనే సంస్థ ఇంకో ఉపాయం చేసింది. కత్తిరించిన గుడ్డ, కొలిచి పొట్లం కట్టిన ఈకలు, జిప్పు, కాగితం మీద వివరం... అన్నీ ఒక పెట్టెలో పెట్టి పోస్టులో పంపేది. ఎవరింట్లో మిషను మీద వాళ్ళు కుట్టుకోవడమే. తల్లి కుట్టిన కోటు తొడుక్కుని కొండెక్కిన వాళ్ళు ఆ తరంలో ఎందరో. కుట్టు వంకర పోయినా ఆ కోటు పారెయ్యబుద్ధి కాదంటే మనకి అర్థం కాదా?

ఈ కథలన్నిటిలోకీ గొప్పది మన డార్జిలింగు టెన్సింగ్ నార్గేది. 1953 మే 29న ఎవరెస్టు మీద నిలబడ్డప్పుడు ఆయన ఒంటి మీద ఏమున్నాయో తెలుసా? కాళ్ళకి భార్య ఆంగ్ ల్హాము అల్లిన మేజోళ్ళు. లోపల, హిమాలయన్ క్లబ్బుకి చెందిన హెండర్సన్ గారి భార్య ఇచ్చిన స్వెట్టరు. తలకి, ఎర్ల్ డెన్‌మన్ అనే పాత స్నేహితుడు వదిలి వెళ్ళిన ఉన్ని టోపీ. మెడలో ఎర్ర మఫ్లరు. అది స్విట్జర్లాండు ఆరోహకుడు రేమండ్ లాంబేర్ ఇచ్చింది. అంతకు ముందు ఏడాది, 1952లో ఆ ఇద్దరూ ఇంకొన్ని వందల అడుగుల్లో ఎవరెస్టు శిఖరం ఉందనగా వెనక్కి తిరిగారు. లాంబేర్ శిఖరం చేరలేదు, ఆయన మఫ్లరు చేరింది. టెన్సింగ్ జేబులో కూతురు నీమా ఇచ్చిన ఎర్రా నీలం పెన్సిలు ముక్క కూడా ఉంది. దాన్ని మిఠాయిలతో పాటు శిఖరం మీద మంచులో పెట్టి నమస్కరించాడు. పైకెక్కింది ఇద్దరే అని చరిత్ర చెబుతుంది గానీ, ఆ బట్టల్ని లెక్కేస్తే ఎంతమంది ఎక్కినట్టు!

ఇంత చెప్పాక ఒక గట్టి మాట కూడా చెప్పాలి. జ్ఞాపకం మీద ప్రేమ వేరు, దాని మీద బరువు వెయ్యడం వేరు. కొండ తాడు నైలానుతో చేస్తారు. ఎండకి, యాసిడ్ లాంటి వాటికి లోపల్లోపలే దాని బలం తగ్గుతుంది, పైకి కొత్తదానిలాగే కనబడచ్చు. తరచుగా వాడితే ఏడాదికే మార్చాల్సి రావచ్చు. అసలు వాడకుండా దాచినా పదేళ్ళు దాటితే పనికిరాదని తయారుచేసే వాళ్ళే చెబుతారు. పోయిన స్నేహితుడి తాడు ఎంత ప్రియమైనదైనా దాన్ని కట్టుకుని కొండెక్కితే ఆ స్నేహానికి మర్యాద కాదు. అందుకే తెలివైన వాళ్ళు పాత తాళ్ళతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు అల్లుకుంటారు. గుమ్మంలో రోజూ కళ్ళబడుతుంది, ఎవరి ప్రాణమూ దానికి వేలాడదు.

మన వంటింటికీ ఇదే సూత్రం. అత్తగారిచ్చిన రోలు, ఇత్తడి గుండిగ తరతరాలు వాడుకోవచ్చు. గ్యాసు రబ్బరు ట్యూబు మాత్రం ఐదేళ్ళకి మార్చి తీరాలి. కుక్కరు గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు గట్టిపడితే సెంటిమెంటు పెట్టుకోకండి. దాచుకోవలసినవి దాచుకోండి, మార్చవలసినవి మార్చండి. ఏది ఏదో తెలుసుకోవడమే గృహిణి నేర్పు.

దాచేవాటికి ఒక చిన్న పని చెయ్యండి. పెట్టెలో ఉన్న పాత స్వెట్టరుకో శాలువాకో లోపలి వైపు చిన్న గుడ్డపీలిక కుట్టి, దాని మీద ఎవరు అల్లారో, ఎవరు ఇచ్చారో, ఏ సంవత్సరమో రంగు దారంతో రాయండి. ఆ పేరు తెలిసిన వాళ్ళు ఉండగానే అడిగి రాయండి. టెన్సింగ్ తన పుస్తకంలో చెప్పుకోబట్టే కదా, మేజోళ్ళు అల్లిన ఇల్లాలి పేరు మనకి తెలిసింది! వాడుకునే స్థితిలో ఉన్నవి పెట్టెలో మగ్గనివ్వకుండా చలికి అవసరమైన వాళ్ళకి ఇచ్చెయ్యండి. ఇచ్చేటప్పుడు ఆ కథ కూడా చెప్పి ఇవ్వండి.

మన పిల్లలూ ఇప్పుడు కొండలెక్కుతున్నారు. భువనగిరి కొండ మీద మొదటి పాఠాలు నేర్చుకుని, ఆ పైన డార్జిలింగులో శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. తోడుగా ఆనంద్ కుమార్ ఉన్నాడు. డార్జిలింగులో 1954లో మొదలైన ఆ శిక్షణ సంస్థలోనే టెన్సింగ్ ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాడు. రేపు మీ అమ్మాయి కూడా భుజాన సంచీ తగిలించుకుని కొండకి వెళతానంటే కంగారు పడకండి. కొత్త తాడు కొనుక్కోమనండి, నమ్మకమైన తోడు చూసుకోమనండి. సంచీలో మీరు అల్లిన మఫ్లరు ఒకటి పెట్టండి. వద్దంటుంది. అయినా పెట్టండి.